ఆర్చి ముందా, శ్లాబు ముందా?

ప్రశ్న: మాది పల్నాడులో మిర్చి, పత్తి పండే ఊరు. మా కతోలిక విచారణ (పారిష్) కేంద్రం మా ఊళ్లోనే ఉంది, దాని కింద నాలుగు ఉపగ్రామాలు. ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. ఈమధ్యే బదిలీ మీద వచ్చిన ఫాదర్ గారు నన్ను ఫైనాన్స్ కమిటీలో వేశారు. నా చేతికొచ్చిన పాత లెక్కలు ఒకే ఒక్క లాంగ్ నోట్‌బుక్కు. ఆదివారం కానుకలు, పూజ కానుకలు, పండుగ చందాలు, కొవ్వొత్తుల డబ్బులు అన్నీ అందులోనే వరసగా రాసేశారు. బ్యాంకులో రూ.1,80,000 ఉంది. గుడి శ్లాబు రెండు వానాకాలాలుగా కురుస్తోంది. కుర్రాళ్లు మాత్రం పండుగలోపు రోడ్డు మీదికి పెద్ద ఆర్చి కట్టాల్సిందే అంటున్నారు. అమెరికాలో ఉన్న మా ఊరి అబ్బాయి ఐదు లక్షలు పంపిస్తానన్నాడు. లెక్కలు అడిగితే ఫాదర్ గారిని అనుమానించినట్టు అవుతుందేమోనని నాకు భయం. సంఘ పెద్దలేమో 'దేవుడి సొమ్ముకు లెక్కలేంటమ్మా' అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు:

టీచరమ్మ గారూ,

ముందు మీ భయం సంగతి మాట్లాడుకుందాం. ప్రతి విచారణలోనూ ఆర్థిక మండలి (ఫైనాన్స్ కమిటీ) ఉండి తీరాలని 1983 నాటి కతోలిక శ్రీసభ చట్టం తన 537వ నిబంధనలో, అంటే 537వ కానన్‌లో చెప్పింది. విచారణ పనుల మీద సలహాలిచ్చే పాస్టరల్ కౌన్సిల్ పెట్టాలా వద్దా అన్నది బిషప్ గారి నిర్ణయానికి వదిలిన చట్టం, దీన్ని మాత్రం ఎవరి ఇష్టానికీ వదల్లేదు. విచారణ ఆస్తుల్ని చూసుకోవడంలో గురువుకు, అంటే ఫాదర్ గారికి, సాయపడడమే ఈ మండలి పని. లెక్క చూడకుండా ఆ సాయం ఎలా చేస్తారు? కాబట్టి ఫాదర్ గారు మిమ్మల్ని కమిటీలో వేసిన రోజునే లెక్క అడగమని చెప్పినట్టు.

సంఘ పెద్దల మాటకు కూడా చట్టంలోనే జవాబుంది. ఆదాయ వ్యయాల పుస్తకాలు సక్రమంగా రాయాలని, ఏడాది చివర లెక్క తేల్చాలని 1284వ కానన్ చెబుతుంది. ఆ లెక్కను ఏటా బిషప్ గారికి పంపాలని 1287వ కానన్. అదే కానన్ రెండో భాగంలో, విశ్వాసులు ఇచ్చిన సొమ్ముకు విశ్వాసులకే లెక్క చెప్పాలని ఉంది. మిరపకాయలు కోసి తెచ్చిన కూలి డబ్బుల్లోంచి పదో ఇరవయ్యో కానుకల సంచీలో వేసే తల్లికి, అది ఏమైందో తెలుసుకునే హక్కు ఉంది. పెద్దలకు ఈ మాట గట్టిగానే చెప్పండి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. విచారణ తరఫున చట్టపరంగా నిలబడేది, సంతకం పెట్టేది, జవాబుదారీ అయ్యేది ఫాదర్ గారే. కమిటీ సలహా ఇస్తుంది, నిర్ణయం ఆయనది. అందుకని ఏ సందేహమైనా ముందు ఫాదర్ గారి బంగళాలో ఆయనతో విడిగా మాట్లాడండి, తర్వాత కమిటీలో పెట్టండి. టీ కొట్టు దగ్గర మాత్రం ఎత్తొద్దు. గురువులు కొన్నేళ్లకోసారి మారుతుంటారు, ఊరివాళ్లు ఉండిపోతారు. వెళ్లిపోయిన ఫాదర్ గారి మీద మాట పడకుండా కాపాడేది ఆయన వదిలివెళ్లిన పుస్తకాలే. కొత్త ఫాదర్ గారితో ఈ మాట అనండి, ఆయనే మీకంటే ముందు పెన్ను తీస్తారు.

ఇక పాత నోట్‌బుక్కు. ఏ సంవత్సరం ఏ పండుగలో ఎంత తేడా వచ్చిందో తవ్వుతూ కూర్చోకండి. ఒక తేదీ పెట్టుకోండి. ఆ రోజున బ్యాంకు స్టేట్‌మెంటు తీసి, బీరువాలోనూ, కొవ్వొత్తుల పెట్టెలోనూ, ఉపగ్రామాల పెద్దల చేతుల్లోనూ ఉన్న నగదంతా ఒక్కచోట లెక్కపెట్టి, 'ఈ తేదీ నాటికి ఇంత' అని రాసి ఫాదర్ గారు, కమిటీ సభ్యులు అందరూ సంతకాలు చేయండి. కొత్త పుస్తకం అక్కణ్ణుంచి మొదలవుతుంది. పాతదాంట్లో నిజంగా అనుమానించాల్సిందేమైనా కనబడితే అది బిషప్ హౌస్‌కు ఉత్తరం రాయాల్సిన విషయం.

అదే రోజు వస్తువుల జాబితా కూడా రాయించండి. బాధ్యత తీసుకునేటప్పుడు ఆస్తుల పట్టీ రాసి సంతకం పెట్టాలని 1283వ కానన్ చెబుతుంది. పూజ పాత్రలు, అప్పాన్ని ఆరాధనకు పెట్టి చూపే మోన్‌స్ట్రన్స్, స్వరూపాల కిరీటాలు, గంట, మైకు సెట్టు, జనరేటరు అన్నీ రాయండి. మరియమాతకు మొక్కుగా ఇచ్చిన ముక్కుపుడకలు, చెవిదిద్దులు ఉంటాయి కదా, వాటిని తూకం వేయించి, ఫొటో తీసి, గ్రాములతో సహా పట్టీలో పెట్టండి. అన్నిటికంటే తేలిగ్గా చేతులు మారేవి అవే.

ఇప్పుడు ఆ లక్షా ఎనభై వేల దగ్గరికొద్దాం. మీరు అడగాల్సిన అసలు ప్రశ్న అందులో విచారణది ఎంత అని. ఒకే ఖాతాలో ఉన్నంత మాత్రాన అంతా ఒకే డబ్బు కాదు. ఇచ్చినవాళ్లు ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికే వాడాలని 1267వ కానన్ నియమం. సమాధుల తోట ప్రహరీకి ఇచ్చిన చందా దానికే వెళ్లాలి, పండుగ బాణసంచాకు వెళ్లకూడదు.

పూజ కానుకల సంగతి ఇంకా సున్నితం. 'మా నాన్న ఆత్మశాంతికి' అని ఒక కుటుంబం కానుక ఇచ్చిందంటే, కానుక ఎంత చిన్నదైనా వాళ్ల తలంపు (కోరిన ఉద్దేశం) మీద విడిగా పూజ చేసే బాధ్యత వచ్చిపడింది. ఆ పూజ అయ్యేదాకా అది విచారణ ఆదాయంలో కలవదు. దానికి ప్రత్యేక పుస్తకం ఉండాలని 958వ కానన్ చెబుతుంది. ఎవరు ఇచ్చారు, ఏ తలంపు, ఎంత, ఏ తేదీన పూజ జరిగింది అన్నవి అందులో ఉండాలి. గురువు ఒకే రోజు రెండు మూడు పూజలు చేసినా, క్రిస్మస్ రోజున తప్ప, ఒక్క పూజ కానుకే తనకు ఉంచుకోవచ్చు. మిగతావి బిషప్ గారు నిర్దేశించిన పనులకు వెళ్లాలి. ఆదివారం పొద్దున మీ ఊళ్లో, తర్వాత రెండు ఉపగ్రామాల్లో పూజ చేసే ఫాదర్ గారికి ఈ లెక్క ప్రతి వారం వస్తుంది. పది కుటుంబాల తలంపులు కలిపి ఒకే పూజ పెట్టాలంటే, మేత్రాసనం (బిషప్ గారి పరిధిలోని విచారణలన్నీ కలిసిన ప్రాంతం) నియమం ఏమిటో ఫాదర్ గారు చూసుకోవాలి, ఆ పది కుటుంబాలకూ ముందే చెప్పి ఒప్పించాలి.

మీవి కాని డబ్బులు ఇంకా ఉన్నాయి. అక్టోబరులో మిషన్ ఆదివారం కానుక, మంచి శుక్రవారం నాడు పవిత్ర భూమి కోసం ఎత్తిన కానుక, జూన్ చివర పోపుగారి పేర ఎత్తే కానుక మీ విచారణ మీదుగా వెళ్లిపోవాల్సినవి. అవి మొత్తంగా మేత్రాసనానికి అందాలి. చాలాచోట్ల కరెంటు బిల్లు వచ్చిందనో, మైకు రిపేరనో వాటిని వాడేసి 'తర్వాత పంపిద్దాం' అనుకుంటారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

ఊహకు ఒక లెక్క వేసుకోండి. మీ లక్షా ఎనభై వేలలో ఇంకా చేయాల్సిన పూజల కానుకలు 35,000, పంపని మిషన్ కానుక 15,000, ప్రహరీ చందా 60,000 ఉన్నాయనుకుందాం. అప్పుడు విచారణ చేతిలో ఉన్నది 70,000 మాత్రమే. ఈ సంఖ్య తేలకుండా కమిటీలో ఆర్చి గురించి ఒక్క మాట కూడా మాట్లాడనివ్వొద్దు.

కొత్త పుస్తకం పెట్టాక ఆదివారం కానుకలు ఎలా లెక్కపెట్టాలో వివరంగా చెప్తాను, ఎందుకంటే లోపాలన్నీ అక్కడే పుడతాయి. పూజ అయిన వెంటనే సాక్రిస్తీలో (పూజ సామాను ఉంచే గదిలో) బల్ల మీద సంచీలు కుమ్మరించండి. లెక్కపెట్టేవాళ్లు ఇద్దరు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, నెలకోసారి మారుతుండాలి. ముందు కవర్లు తీసి పక్కన పెట్టండి. కొన్నిటి మీద 'పూజకు' అని ఉంటుంది, కొన్నిటి మీద పేదల కోసమని, కొన్నిటి మీద 'గుడి రంగులకు' అని ఉంటుంది. అవి ఏ పుస్తకానికి చెందినవి ఆ పుస్తకానికి వెళ్లాలి. తర్వాత నోట్లు, చిల్లర. 500వి ఎన్ని, 100వి ఎన్ని, 10వి ఎన్ని అని చీటీ మీద రాసి ఇద్దరూ సంతకం చేయాలి. సోమవారం ఆ మొత్తమే, ఒక్క రూపాయి తగ్గకుండా, బ్యాంకుకు వెళ్లాలి. మధ్యలో జనరేటరు అబ్బాయి డీజిలుకు డబ్బులడుగుతాడు, పూలవాడు గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు. ఆ బల్ల మీద నుంచి ఒక్క నోటు కూడా ఇవ్వొద్దు. చిల్లర ఖర్చులకు రెండు మూడు వేలు విడిగా ఒక డబ్బాలో పెట్టుకుని, ప్రతి ఖర్చుకూ వోచరు రాయండి. వచ్చినదంతా ఒకవైపు, ఖర్చయినదంతా మరోవైపు కనిపిస్తేనే అది లెక్క. ఖర్చులు పోను మిగిలింది మాత్రమే రాసే పద్ధతి వల్ల నిజాయితీపరులు కూడా మాటపడుతున్నారు.

ఫోన్‌పే సంగతి మీరు రాయలేదు కానీ, మీ గుడి గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ అంటించి ఉంటే అది ఎవరి పేరు మీద ఉందో ఇవాళే చూడండి. ఉత్సాహం ఉన్న ఏ కుర్రాడో తన సొంత ఖాతాది పెట్టి ఉంటాడు. మనిషి మంచివాడే అయినా పద్ధతి మంచిది కాదు. విచారణ పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే బ్యాంకు నుంచి కోడ్ తీసుకోండి. ఆ ఖాతా నడపడానికి రెండు సంతకాలు అవసరమయ్యేలా ఏర్పాటు చేయమని ఫాదర్ గారిని అడగండి.

అమెరికా అబ్బాయి ఐదు లక్షల గురించి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, అతని పాస్‌పోర్టు ఏ దేశానిది? ఇంకా భారత పౌరుడే అయితే, తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు, విచారణ ఖాతాకే పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, చేతిలో భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా, అతనిచ్చేది విదేశీ విరాళమే. సెలవులకు ఊరికొచ్చి రూపాయల్లో ఇచ్చినా అంతే. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. ఒక సంస్థ తీసుకుని మరో సంస్థకు బదలాయించడం కూడా అప్పటినుంచి కుదరదు. మీ మేత్రాసనానికి ఆ రిజిస్ట్రేషన్ ఉందా, మీ విచారణ అదే సొసైటీ కిందికి వస్తుందా అని బిషప్ హౌస్‌లో డబ్బు లెక్కలు చూసే ప్రొక్యురేటర్ గారిని అడిగి, ఆయన చెప్పిన దారిలోనే తీసుకోండి. 'మా నాన్న ఖాతాలో వేస్తాను, ఆయన తీసిస్తాడు' అని ఆ అబ్బాయి అంటాడు. ఒప్పుకోవద్దు. ఆ దొడ్డిదారి వల్ల చిక్కు వచ్చేది మీ ఒక్క విచారణకే కాదు, మేత్రాసనం నడిపే బడులకు, ఆసుపత్రులకు కూడా.

రెండో ప్రశ్న, అతను దేనికి ఇస్తున్నాడు? 'ఆర్చికి' అని ఇచ్చాక దాన్ని శ్లాబుకు వాడలేరు. అందుకే డబ్బు రాకముందే మాట్లాడాలి. శ్లాబు ఫొటోలు తీసి, ఇంజనీరు ఎస్టిమేటు జతచేసి పంపండి. అతనికి జ్ఞానస్నానం జరిగింది ఆ శ్లాబు కిందే అయివుంటుంది. 'విచారణలో అవసరమైన మరమ్మతులకు' అని రాసివ్వమని అడగండి. మన వాళ్లు పేరు చెక్కిన పాలరాయి పెట్టే పనికి ముందుకొచ్చినంతగా కప్పు మరమ్మతుకు ముందుకు రారు. అది వాళ్ల తప్పని నేననను. గుడికి ఏ అవసరం ఉందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడం వల్లే అలా జరుగుతోంది.

నన్నడిగితే శ్లాబే ముందు, ఇందులో మొహమాటం అక్కర్లేదు. కాంక్రీటులోకి నీరు దిగితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, కింది కాంక్రీటును పగలగొడుతుంది. మొదట ఎర్రటి చార కనిపిస్తుంది, తర్వాత పెచ్చు ఊడుతుంది. ఆ పెచ్చు ఎవరి తల మీద పడుతుందో చెప్పలేం. ఒక కర్ర తీసుకుని కింది నుంచి తట్టించి చూడండి. డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీయించండి. బెంచీలకు పైనున్న శ్లాబులో గీతలు ఎక్కువైతే, పని అయ్యేదాకా ఆ భాగంలో జనాన్ని కూర్చోనివ్వొద్దు. తర్వాత మేడెక్కి చూడండి. నూటికి యాభై గుళ్లలో రోగం అక్కడే ఉంటుంది అనిపిస్తుంది నాకు. పిట్టగోడ మూలల్లో నీరు పోయే గొట్టాలు వేపాకులతోనో, పావురాల గూళ్లతోనో, కిందటి పండుగ తోరణాలతోనో పూడిపోయి ఉంటాయి. అవి శుభ్రం చేస్తే సగం కారడం ఆగొచ్చు, దానికయ్యేది ఒక మనిషి ఒక పూట కూలి.

మేస్త్రీలు సాధారణంగా ఒక సలహా ఇస్తారు, పైన ఇంకో వరస కాంక్రీటు వేసేద్దామని. ఇంజనీరు చూడకుండా అది చేయించొద్దు. బలహీనపడ్డ శ్లాబు మీద అది కొత్త బరువు, పైగా లోపలి తుప్పు ఆగదు. వదులు కాంక్రీటు రాల్చేసి, ఇనుము శుభ్రం చేసి, తుప్పు పట్టని పూత వేసి, దానికి తగిన మోర్టారుతో పూడ్చి, ఆ తర్వాతే పైన నీరు దిగని పూత వేయాలి. మీ బంగళాగానీ, ఉపగ్రామంలో ఏ గుడిగానీ మిషనరీల కాలం నాటి సున్నపు కట్టడమైతే నియమం వేరు. సున్నపు గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి గోడ పొడి రాలుతుంది. అక్కడ సున్నం పని తెలిసిన మేస్త్రీనే వెతకండి. గోపురం సందుల్లో రావి మొక్క ఉంటే పైన నరికి వదిలేయకుండా వేరుదాకా తీయించండి.

వానలకు ముందు మే నెలలో ఒకసారి, తుపాన్ల కాలానికి ముందు సెప్టెంబరులో ఒకసారి కమిటీలో ఇద్దరు గుడంతా తిరిగి చూసి, ఒక కాగితం మీద రాసే పద్ధతి పెట్టండి. మేడ, కిటికీలు, పాపసంకీర్తన పెట్టెకు చెదలు, కరెంటు బోర్డు, గోపురం మీద పిడుగు తట్టుకునే కడ్డీ, దాని రాగి తీగ భూమిదాకా ఉందా, మధ్యలో ఎవరైనా కోసుకుపోయారా, అన్నీ చూడాలి. పండుగలకు సీరియల్ సెట్లు అదే పాత బోర్డు నుంచి లాగుతారు, తడి నేల మీద వైర్లు పడి ఉంటాయి. ఎర్త్ లీకేజీ బ్రేకరు పెట్టించడానికి పెద్ద ఖర్చు కాదు. అగ్ని ప్రమాదం, దొంగతనం, తుపాను కలిపి గుడికి బీమా తీసుకోవడం కూడా 1284వ కానన్ చెప్పిన బాధ్యతల్లో ఒకటి. మేత్రాసనం అన్ని గుళ్లకూ కలిపి తీసుకుందేమో కనుక్కోండి.

నెల నెలా ఆదాయం గురించి. పండుగకు లక్షలు లేస్తాయి, పండుగతోనే అయిపోతాయి. గుడిని నిలబెట్టేది ఇంటింటి నెల చందా. మీ విచారణలో 300 ఇళ్లుండి, ఇంటికి నెలకు 50 రూపాయలు వస్తే ఏడాదికి రూ.1,80,000, అంటే ఇవాళ మీ బ్యాంకులో ఉన్నంత. అయితే అందరి దగ్గరా ఒకే పద్ధతిలో వసూలు కాదు. మిర్చి రైతు చేతిలో డబ్బుండేది పంట గుంటూరు యార్డుకు వెళ్లే నెలల్లో, అప్పుడే ఏడాది మొత్తం అడగండి. కూలికి వెళ్లేవాళ్లకు వారం వారం పది రూపాయలు తేలిక. ఏమీ ఇవ్వలేని ఇల్లు ఉంటుంది, ఆ ఇంటి పేరు వసూలు పుస్తకంలో ఖాళీగా ఉంచి వేలెత్తి చూపకండి. గుడి ఊడ్చడమో, పూలు తేవడమో వాళ్లు చేస్తూనే ఉంటారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు, మీరు అడగకపోయినా. చందా బాకీ ఉందని జ్ఞానస్నానం ఆపడం, పెళ్లి చీటీ ఇవ్వకపోవడం, శవం ఇంట్లో ఉండగా పాత బాకీ లెక్క తీయడం కొన్ని ఊళ్లలో ఇంకా జరుగుతోంది. పెద్దలు దాన్ని క్రమశిక్షణ అంటారు. అది అన్యాయం. డబ్బు లేదన్న కారణంతో పేదవాడికి సంస్కారాల సాయం అందకుండా పోకూడదని 848వ కానన్, అంత్యక్రియల విషయంలో 1181వ కానన్ స్పష్టంగా చెబుతున్నాయి. మీ కమిటీ మొదటి తీర్మానాల్లోనే ఇది ఉండాలి: బాకీ అడగడానికి సంస్కారాలు సందర్భం కావు. టీచరమ్మగా మీ మాటకు ఊళ్లో విలువుంది, దాన్ని దీనికి వాడండి.

బడ్జెట్ రాసేటప్పుడు మొదటి పంక్తిలో ఉపదేశి గారి జీతం రాయండి. ఫాదర్ గారు లేని ఆదివారాల్లో ఉపగ్రామాల్లో ప్రార్థన నడిపేది, పిల్లలకు జపాలు నేర్పేది, రాత్రిపూట చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లేది ఆయనే. ఆయన జీతం నెలల తరబడి ఆపి పండుగకు లైటింగు పెట్టే విచారణలు ఉన్నాయి. పనిచేసేవాళ్లకు న్యాయమైన జీతం ఇవ్వాలని చట్టమే చెబుతుంది (1286). తర్వాత గుడి ఊడ్చే ఆవిడ జీతం, కరెంటు, అప్పము, ద్రాక్షారసం, కొవ్వొత్తులు, మేత్రాసన వాటా. వచ్చిన ప్రతి వందలో పదో పదిహేనో మరమ్మతుల నిధికి విడిగా పక్కన పెట్టండి. దాన్ని పండుగకు ముట్టుకోకూడదని రాసి పెట్టుకోండి.

మేస్త్రీకి, సిమెంటు కొట్టుకు పెద్ద మొత్తాలు చెక్కు మీదో, బ్యాంకు బదిలీ మీదో ఇవ్వండి. ఒకే రోజు ఒకే మనిషికి 10,000 దాటి నగదు ఇచ్చిన ఖర్చులు మేత్రాసనం ఆదాయపు పన్ను లెక్కల్లో ఇబ్బంది పెడతాయి. బిల్లు ఎవరి పేరున రాయించాలో, ఏ పాన్ నంబరు వాడాలో ముందే అడిగి తెలుసుకోండి. శ్లాబు పని రోజువారీ ఖర్చు కాదు కాబట్టి మొదలుపెట్టకముందే బిషప్ గారి రాతపూర్వక అనుమతి తీసుకోవాల్సి రావొచ్చు. ఎంత మొత్తం దాటితే అనుమతి కావాలో మేత్రాసనం నిర్ణయించి ఉంటుంది.

భూముల సంగతి క్లుప్తంగా. మీ గుడి, బడి, సమాధుల తోట స్థలాలు రెవెన్యూ రికార్డులైన అడంగల్‌లో, 1బీలో ఎవరి పేరున ఉన్నాయో తీసి చూడండి. చాలాచోట్ల 'ఆర్‌సీఎం' (రోమన్ కాథలిక్ మిషన్) అని మాత్రమే ఉంటుంది, కొన్నిచోట్ల ఎప్పుడో ఇచ్చిన దాత పేరే ఉండిపోతుంది. ఏడాదికోసారి ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయండి, సర్వేయరుతో హద్దు రాళ్లు వేయించండి. కాగితాల నకళ్లు బిషప్ హౌస్‌లో కూడా ఉండాలి. రోడ్డు పక్క గదులు అద్దెకిచ్చి ఉంటే నోటి మాట మీద నడపొద్దు.

కుర్రాళ్లను కసరొద్దు. గుడి కోసం డబ్బులు పోగుచేస్తామని తిరిగే పిల్లలు ఎన్ని ఊళ్లలో ఉన్నారు? మేడ మీది గొట్టాలు శుభ్రం చేసే పని, శ్లాబు ఫొటోలు తీసే పని, క్యూఆర్ కోడ్ తెప్పించే పని వాళ్లకివ్వండి. వాళ్లలో ఇద్దరిని ఆదివారం లెక్కల బల్ల దగ్గర కూర్చోబెట్టండి. నెల తిరిగేసరికి శ్లాబు గురించి ఊళ్లో మాట్లాడేది వాళ్లే అవుతారు. ఆర్చి ఆలోచన మానుకోనక్కర్లేదు, పుస్తకంలో దానికి వేరే పేజీ తెరవండి. కాకపోతే రోడ్డు మీదికి వద్దు. ప్రభుత్వ రోడ్ల మీద అనుమతి లేకుండా ప్రార్థనా కట్టడాలు కట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2009లోనే ఆదేశించింది. మీ గేటు లోపల, మీ స్థలంలో, శ్లాబు పని అయ్యాక కట్టుకోవచ్చు.

లెక్కను నోటీసు బోర్డు మీద అంటించి ఊరుకోకండి. మీ సంఘంలో చదవలేని పెద్దవాళ్లున్నారు, వాళ్లే అందరికంటే క్రమం తప్పకుండా కానుకలు వేసేది. మూడు నెలలకోసారి, పూజ చివర ప్రకటనల సమయంలో, ఐదు నిమిషాల్లో, వచ్చింది ఎంత, ఖర్చు ఎంత, మిగిలింది ఎంత, మేత్రాసనానికి పంపింది ఎంత అని మీరే మైకులో చదవండి. ఉపగ్రామాల్లో వాళ్ల కానుకల లెక్క వాళ్లకు విడిగా చెప్పాలి, లేకపోతే తమ డబ్బంతా కేంద్రానికే పోతోందన్న మాట పుడుతుంది. మొదటిసారి ఎవరో ఒకరు లేచి ప్రశ్న వేస్తారు. కూర్చోమనకండి. పుస్తకం పేజీ నంబరు చెప్పి, పూజ అయ్యాక సాక్రిస్తీకి వచ్చి చూసుకోమనండి.